ఎరుపు దిగేదాకా

థర్జా లడ్లోకి డెబ్భై మూడేళ్ళు.
సముద్రం వైపు పెరట్లో ఒక డెక్ కావాలంది.
పైన్ కర్ర వద్దే వద్దు.
పాతది పదేళ్ళకే మెత్తబడి
తడి రొట్టె మీద నడిచినట్టుండేదట.
"గట్టిది చెప్పు. నాకంటే గట్టిది."

నేను వడ్రంగిని.
మోటుయెకాలో నా వ్యాను మొరగనివ్వని కుక్క లేదు.
మూడు చెక్కముక్కలు తెచ్చి
ఆమె వంటింటి బల్ల మీద పెట్టాను:
ఇపే, గరపా, క్విలా.

ఆమె బకెట్లో నీళ్ళు పట్టింది.
గరపా తేనెరంగు వీపుతో తేలింది.
క్విలా ముక్కువరకూ మునిగి, ఆగి, ఆలోచించుకుంది.
ఇపే రాయిలా అడుక్కి పోయి కూర్చుంది.

"నలభై ఏళ్ళు ఉంటుందండీ అది."
"ఉంటుంది సరే, ఎవరితో ఉంటుంది?"
అని పకపకా నవ్వింది,
నాకు నవ్వాలో వద్దో తెలియలేదు.

తర్వాత ఆ మూడింటినీ కంచె మీద వరసగా పెట్టి
చలికాలమంతా వాన కొదిలేసింది.
ఈలోగా నేను రెండు వంటిళ్ళు, ఒక కోళ్ళగూడు కట్టాను.
ఆగస్టులో ఫోను: "క్విలా. కంచె ఎర్రగా ఏడ్చింది.
నాకు ఏడ్చే కర్రే కావాలి."

టింబర్ యార్డులో హెండ్రీ మేలావా ఉంటాడు.
సాలమన్ దీవుల మనిషి. ఆపిల్ తోటల్లో కోతకొచ్చి
ఇక్కడే ఫోర్క్‌లిఫ్ట్ మీద స్థిరపడ్డాడు.
కర్రని వేలిముడితో కొట్టి చెవి ఆనిస్తాడు,
పుచ్చకాయ బేరమాడినట్టు.
దాని రంధ్రాల్లో పసుపుపొడి చుక్కలుంటాయి,
గోటితో తీసి చూపించాడు.
చిన్నప్పుడు దుంగల ఓడ దీపాలు చూసి
ఊరికి పండగ వచ్చిందనుకునేవాడట.
ఓడ వెళ్ళాక వాగునీళ్ళు మూడేళ్ళు తేటపడలేదట.
అంతే చెప్పి, టీ తాగాడు.

ముందువరస కట్ట చవక.
కాగితంలో, ఎక్కణ్ణించి అన్న గడిలో, 'పసిఫిక్' అని ఉంది.
"పసిఫిక్ అంటే సముద్రం," అన్నాడు హెండ్రీ,
"సముద్రంలో చెట్లు మొలుస్తాయా?"

వెనక, టార్పాలిన్ కింద ఇంకో కట్ట.
దాని కాగితంలో ఊరి పేరుంది: ఫౌలాసి.
నరికిన వాళ్ళ సంతకాలు, ఒకటి వేలిముద్ర.
ధర దాదాపు రెట్టింపు.
ఉన్న చెక్కలు డెక్‌లో సగానికే సరిపోతాయి.

ఆమె ఆ పేరు పైకి చదివింది, తప్పుగా.
హెండ్రీ దిద్దాడు. మళ్ళీ చదివింది.
"అయితే సగం డెక్ చాల్లే.
నాకున్నవి రెండు కాళ్ళే కదా."

ఇంక నా పని.
ముందు బెజ్జం వేయకపోతే స్క్రూ తల తెగి
చేతిలో ఊడిపోతుంది. మూడు తెగాయి.
ఇనుప రజను పడితే చాలు, నల్లమచ్చ.
స్టెయిన్‌లెస్ స్టీలు తప్ప దేన్నీ ఒప్పుకోదు.
చెక్కకీ చెక్కకీ మధ్య ఒక మేకు మందం ఖాళీ,
కోసిన కొసలకి మైనం.
సాయంత్రానికి నా అరచేతులు
వక్క నమిలినవాడి నోరులా ఉన్నాయి.

మొదటివాన రాత్రి పడింది.
పొద్దున్నే పక్కింటి డెస్మండ్ కేకలు:
కొత్త కాంక్రీటు మీద ఎర్ర చారలు!
చెప్పాల్సింది, చెప్పడం మరిచాను, తప్పు నాదే.
బ్రష్షూ బ్లీచూ పట్టుకుని పరిగెత్తాను.

వెళ్ళేసరికి డెక్ అంచు కింద
థర్జా ఎనామెల్ బేసిన్లు పెట్టి ఉంది,
ఆ నీళ్ళలో దిండుగలీబులు నానేస్తోంది.
తీగ మీద అప్పటికే నాలుగు ఆరుతున్నాయి,
ఇటుకరంగులో, మూలల్లో కొంచెం వెలిసి.
డెస్మండ్‌కి ఒకటి ఇస్తానంది. అతను తీసుకోలేదు.

ఒకటి హెండ్రీకి నా చేత పంపింది.
విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు.
"ఒక్క ఉతుకుకి పోయే రంగు," అన్నాడు.
మడిచి, భోజనం డబ్బా కింద పెట్టుకున్నాడు.

మిగతా సగం పెరట్లో ఆమె బీన్స్ వేసింది.
నాకింకా బిల్లు బాకీ.