పడినట్టు లెక్క

తాడు నాది. రంపం మావది.
పద్నాలుగేళ్ళుగా ఇదే పంపకం.
అరవై దాటిన మా మావ తవిటయ్య కొమ్మ మీదుంటే
ఆయన బరువు నా అరచేతుల్లో ఉంటుంది.
పక్కచెట్టు మొదలుకి రెండు చుట్లు, నా నడుముకొకటి.
పైకి చూడకూడదు. తాడునే చూడాలి.
బిగిసిందంటే కొమ్మ కదిలినట్టు,
వదులైందంటే మావ బీడీ వెలిగించినట్టు.

తుపాను పోయిన నాలుగో రోజు
వజ్రపుకొత్తూరు వైపు తోటలన్నీ
ఒకే పక్కకి దువ్వేసిన తలల్లా ఉన్నాయి.
ఊళ్ళో కరెంటు లేదు, మాకు మాత్రం పనుంది.
పనుందని సంతోషించడానికి సిగ్గేసింది.
అయినా ఎనిమిదొందలు అడిగాం,
ఏడొందలకి ఒప్పుకున్నాం.

దమయంతమ్మ తోటలో మూడు జీడిచెట్లు
పడలేదు. నిలబడనూ లేదు.
తాగొచ్చి గట్టు మీద మోచెయ్యి ఆన్చిన మనుషుల్లా
సగం వేళ్ళు గాలిలో, సగం మట్టిలో.
మావ ఒక వేరుని గోటితో గీరాడు. పచ్చి.
"బతుకుతాయి తల్లీ. కొమ్మలు దించి, వాసాలు పోటెట్టి,
మట్టి ఎగదోస్తే సాలు.
వచ్చేయేడు కాపుండదు గానీ, ఆ పైయేటికి..."

"వాలిపోయినవి రాయరట.
పడిపోయినవే రాత్తారట.
రేపొద్దున్నకి పడగొట్టీండి."

ఆమె పెనిమిటి నులకమంచం మీదున్నాడు.
వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి
రక్తం కడిగించుకోవాలి.
చెట్టుకింతని రాసే కాగితం ముందు
పైయేటి కాపు ఏం నిలబడుతుంది?

మావ కూర్చుండిపోయాడు.
నేను రంపం పళ్ళకి ఆకురాయి పెట్టాను.
చాలాసేపు ఆ గరగర ఒక్కటే.

తర్వాత లేచి బొగ్గుతో గీత గీశాడు.
మొదటికంటా కాదు.
నడుమెత్తున. అదీ ఏటవాలుగా,
వాననీళ్ళు నిలవకుండా జారేలా,
సముద్రపు గాలి మొహాన కొట్టకుండా
కోత పడమటికి తిరిగేలా.
గీత చూడగానే నాకు తెలిసిపోయింది.
ఆమెకి తెలిసిందో లేదో,
చెంబుతో నీళ్ళు పెట్టి లోపలికెళ్ళింది.

మొదటి కొమ్మ దిగినప్పుడు తాడు అరచేతుల్లో కాలింది.
సొన చిందింది. జీడిసొన ఊరికే పోదు,
పడ్డచోట నల్లగా రాసిపెడుతుంది.
నా ముంజేతి మీద ఏ మచ్చ ఏ తోటదో చెప్పగలను.

పొద్దుగూకాక మైలుతుత్తం, సున్నం కలిపి
పాతచీర పేలికతో కోతలకి నేనే పూశాను.
నీలం కనబడకుండా
దాని మీద బురద మెత్తాను.

మర్నాడొచ్చిన కుర్రాడు ఫోనుతో ఫోటో తీశాడు.
"పడిందా, కొట్టారా?"
"గాలే కొట్టింది బాబూ" అన్నాడు మావ.
"గాలికి రంపం పళ్ళుంటాయా?"
ఎవరూ మాట్లాడలేదు.
కుర్రాడు మంచం వైపు చూశాడు,
ఆ చేతి మీద తాడులా ఉబ్బిన నరం వైపు.
ఎర్రరంగు డబ్బా తీసి మోళ్ళ మీద నంబర్లేశాడు.
నూటపదకొండు. నూటపన్నెండు. నూటపదమూడు.
"సరే. పడినట్టు లెక్క."

రెండు నెలలకి మందసలో పనికి
ఆ దారినే వెళ్ళాం. మావ ఆటో ఆపమనలేదు.
నేను మెడ చాచాను.
నూటపదకొండు మీద, ఎర్రంకెల పక్కనుంచి
వేలెడేసి రాగిచిగుళ్ళు.
నూటపదమూడుకీ ఉన్నాయి.
మధ్యదానికి లేవు. దాని మీద
మగమనిషి చొక్కా ఒకటి ఆరేసి ఉంది.

"ఎన్ని?" అన్నాడు మావ, ముందుకే చూస్తూ.
"రెండు."
ఒళ్ళో తాడుచుట్ట సర్దుకున్నాను.
హరిపురం దాటాక అన్నాడు,
"మధ్యదానికి కోత
కాస్త కిందకి పోయినాది."