షీప్

అర్వైహేర్ బడిలో ఏడో తరగతి.
కిటికీ అద్దాలకు లోపలివైపే మంచు.

బహువచనాలు చెబుతున్నాను.
బుక్, బుక్స్. ఫాక్స్, ఫాక్సెస్.
షీప్ దగ్గర ఆగాను:
"ఒకటైనా షీపే, వెయ్యయినా షీపే."
మందలు తోలిన పిల్లలు కదా, పగలబడి నవ్వారు.
"లెక్కాపత్రం లేనోళ్లా టీచర్, ఈ ఇంగ్లీషువాళ్లు?"
అన్నాడు గన్‌సుఖ్.

రాత్రి నోటుబుక్కులు దిద్దుతుంటే
నొమిన్‌జుల్ రాసిన వాక్యం:
మై ఫాదర్ హ్యాడ్ షీప్.
ఎర్రసిరాతో కొట్టేసి, హ్యాజ్ అని రాశాను.
తండ్రి నిక్షేపంలా ఉన్నాడు,
మొన్ననే మోటారుసైకిల్ మీద హాస్టలుకొచ్చి
ఎండిన పెరుగుబిళ్లల మూట ఇచ్చి వెళ్లాడు.

పొద్దున్నే ఆ పిల్ల నా బల్ల దగ్గర నిలబడింది.
నా హ్యాజ్‌ని రబ్బరుతో రుద్దీ రుద్దీ
కాగితానికి చిల్లు పెట్టింది.
"హ్యాడే టీచర్. ఈ చలికి..."
కాసేపు ఆగి,
"ఒక్కటి మిగిలింది. దాన్నీ షీపే అనాలి కదా?"

"అనాలి," అన్నాను.

ఆ రోజు చెప్పాల్సిన క్రియలు
ఫ్రీజ్, ఫ్రోజ్, ఫ్రోజెన్.
రెండు పేజీలు కలిపి తిప్పేశాను.
గన్‌సుఖ్ చూశాడు గానీ
ఏమీ అనలేదు.