ఎల్వమ్మ

ఓడ సీరియల్లో ఇంజను చూసే మనిషి పేరు హెల్వి.
మా కాశీబుగ్గ జీడి బట్టీలో ఆవిడ ఎల్వమ్మ.
పొద్దున్న ఆరింటికి చేతులకి నూనె పూసుకుని
బూడిద అద్దుకుని
పన్నెండు మందిమి బల్లల ముందు కూర్చుంటే
మొదటి పిక్క పగలకముందే
రాత్రి చూసిన భాగం మీద తగువు మొదలు.

చిన్నమ్మడిది పెద్ద గొంతు.
"ఏటే, తమ్ముడు సచ్చిపోయి మూడ్రోజులు అవనేదు,
కేప్టెనుతో ఆ పకపకలేటి?
మైలలో ఉన్న మనిసి నవ్వదని కాదు, నవ్వుద్ది.
మా మావ పోయినప్పుడు నానూ నవ్వినాను,
పాడె మోసినోడు బురదలో జారితే.
కానొలే, ఆ నవ్వు ఓపాలి ఎనక్కి తిరిగి సూసుకుంటాది.
ఇది సూసుకోనేదు."

మొదటి ఏడాది ఎల్వమ్మ వేరు.
ఇంజను గోడకి చెవి ఆన్చి
ఎక్కడ నొప్పో చెప్పేది.
గోళ్ల కింద మసి.
ఆ మసిని చూసే మేం ఆవిణ్ణి మాలో కలుపుకున్నాం.
చుక్కల మధ్య తిరిగే ఓడలో కూడా
చేతులు పాడైపోయే పని ఒకటుందని
ఎంత ధైర్యంగా ఉండేదో.

నాలుగో ఏడాదికి గోళ్లు తెల్లబడ్డాయి.
మర ఆగిపోతే కేప్టెను మొహం చూస్తుంది:
"ఇప్పుడేం చెయ్యాలి?"
"నువ్వే కదే సెప్పాల!" అని
మా ఇంట్లో నేనూ, వీధవతల దాలమ్మా
ఒక్కసారే అరిచాం. గోడలకి వినబడింది.

దాలమ్మది జాలి గుండె.
"ఆళ్లూ కూటి కోసవే రాస్తారే.
దినానికో భాగం అప్పజెప్పమంటే ఏటి సేస్తారు?
నువ్వు కొట్టిన పిక్కలన్నీ గుండుగానే వొస్తన్నాయేటి?"

చిన్నమ్మడు చెయ్యి ఆపలేదు.
"ఇరుగుతాయి. ఇరిగితే ముక్కల డబ్బాలో ఏస్తాను.
గుండని సెప్పి అమ్మను."

ఆ పూట ఇంకెవరూ మాట్లాడలేదు.
మేస్త్రీ పోలినాయుడు అనుమానంగా రెండుసార్లు వచ్చి వెళ్లాడు.

ఐదో ఏడాది తెలుగులో రాలేదు.
పది పాసైనదాన్ని నేనొక్కర్తినే,
ఆదివారం మా మేనకోడలి ఫోను బియ్యం డబ్బాకి ఆనించి
కింద పరిగెత్తే ఇంగ్లీషు అక్షరాలని
కూడబలుక్కుని చెప్పడం నా వంతు.
నాకొచ్చినంత చెప్పాను.
రానిచోట నోటికొచ్చింది చెప్పాను.

ఓడ అంటుకుంటున్న భాగం.
అక్షరాలు ఏమన్నాయంటే:
నాకు తెలీదు, మీరే నిర్ణయించండి.
నేనేమన్నానంటే:
"ఈ మర బిగించడం తమ్ముడికి నేర్పింది నేను.
వాడు పోయాడు, నేర్పిన చెయ్యి ఉంది.
తప్పుకోండి."

దాలమ్మ జబ్బతో ముక్కు తుడుచుకుంది.
అరచేతులతో మొహం ముట్టుకోకూడదని
ఆదివారం కూడా మర్చిపోదు.
చిన్నమ్మడు మాత్రం తెర వైపే చూస్తూ
"పెదాలు అంతసేపు కదలనేదే" అంది.

నా చెవులు వేడెక్కాయి.
దొరికిపోయిన దొంగలా డబ్బా మూత సవరించాను.

"ఉండనీ" అంది కాసేపటికి.
"ఆ ముక్కే ఉండనీ. కానొలే, 'తప్పుకోండి' ఏటి?
ఎల్వమ్మ ఎవుల్నైనా అండీ అన్నాదా ఎప్పుడేనా?
తప్పుకో అను."

వెనక్కి జరిపి మళ్లీ చూశాం.
తప్పుకో, అన్నాను.

మర్నాడు రేషను కొట్టు దగ్గర
కుడి బొటనవేలు నాలుగుసార్లు నొక్కాను.
జీడి సొన తినేసిన వేలు.
నువ్వు నువ్వు కాదంది మిషను.
ఎడమదీ పెట్టాను. కాదంది.
డీలరు పైకి చూసి నిట్టూర్చాడు.

వరసలో వెనకనించి చిన్నమ్మడి కేక:
"ఎల్వమ్మా! చెవెట్టి సూడే దానికి,
ఎక్కడ నొప్పో!"