గిన్నె వచ్చేలోపల

మొదటి ఆదివారం, బల్ల ఉండే ఆదివారం.
మర్రిగూడ అవతల, మా వాడ చర్చిల
రేకుల కింద ఫ్యాను తిరుగుతది గని గాలి రాదు.
చాపల మీద పిల్లలు, నడీడు వాళ్ళు.
మోకాళ్ళు మడవరానోళ్ళకు గోడ వారకు కుర్చీలు.
కుర్చీలే ఎక్కువ.
బోరు నీళ్ళు తాగి వంగిన ఎముకల దగ్గరికి
కృష్ణ నీళ్ళు ఆలస్యంగ వచ్చినయి.

ఇరవై రోజుల సెలవు నాది.
పది అయిపోయినయి.

గిన్నె ఆ చివర నుంచి బయలెల్లింది.
నా దాక వచ్చేలోపల చెప్త.

లీడ్స్‌ల ముసలోళ్ళను చూసుకునే ఇల్లొకటి. నేనక్కడ కేరర్ని.
తొమ్మిదో గదిల ఒకాయన,
రైళ్ళ మీద పనిజేసి రిటైరైనోడు.
చాయ పట్టుకపోతె కప్పు చూడడు,
కప్పు పట్టుకున్న వేళ్ళు చూస్తడు.
"ఇంకొకామెను పంపు. తెల్లగున్నామెను."
చాయ చల్లారిందాక
అట్లనే నిలవడ్డ రోజులున్నయి.
మేనేజరు మంచిదే. భుజం మీద చెయ్యేసి
"పర్సనల్‌గా తీసుకోకు" అన్నది.

ఆ మాట నాకు కొత్త గాదు.
మా బస్టాండు కాడి హోటల్ల
మా తాతకు చూరుల చెక్కిన గ్లాసు వేరే ఉండె.
తాగి, కడిగి, మళ్ళ చూరుల చెక్కాలె.
"మనసుల వెట్టుకోకు గాలెయ్యా, ఆచారం" అనెటోడట సేటు.
సముద్రాలు దాటి నేను వోతె
ఆ గ్లాసు నాకంటె ముందే వోయి కూసున్నది.

గిన్నె మూడో వరుసకొచ్చింది.

పళ్ళ సంగతి గూడ చెప్పాలె.
నవ్వితె గార కనవడ్తదని
మూతికి చెయ్యడ్డం వెట్టి నవ్వుడు అక్కడ్నే నేర్చిన.
బ్రేక్ రూముల ఒక పిల్ల అడిగింది,
మీ దేశంల బ్రష్షులు దొరకవా అని.
చెడ్డ పిల్ల గాదు. నిజంగనే అడిగింది.
ఫ్లోరైడని చెప్పబోయి ఊకున్న.
నా నోట్ల ఉన్నది మా భూమి అని
ఏ ఇంగ్లీషుల చెప్పాలె?

ఆ రాత్రి దుప్పట్లు ఉతికే గదిల
మిషను మీద తల వెట్టి ఏడ్చిన.
ప్రార్థన రాలే. ఒక్క వాక్యం యాదికి రాలే.
యాదికొచ్చింది దీవెనమ్మ.

సండే స్కూల్ల మట్టి ముద్ద చేతుల వట్టుకొని
ఆమె మాకు సృష్టి చెప్పేది.
"దేవుడు మనిషిని మట్టితోని చేసిండు.
ఏ ఊరి మట్టో రాయలేదు.
నన్నడిగితె, ఇగో, ఈ ఎర్ర చెల్కదే అయ్యుంటది.
పట్టుకుంటె ఇడ్వకుంట అంటేది గిదే గదా.
చేసినంక ఆయన చేతులు కడుక్కున్నట్టు
యాడ రాసి లేదు బిడ్డా."

మిషను ఆగింది.
దుప్పట్లు వెచ్చగున్నయి. ఒక్కొక్కటి మడత వెట్టిన.

పొద్దున ఆరింటికి తొమ్మిదో గదికి చాయ పట్టుకపోయిన.
ఆయన మారిండని చెప్పను. మారలే.
కప్పు అట్లనే పక్కకు నూకిండు.
నేను మాత్రం
నా వేళ్ళను ఆయన కండ్లతోని చూసుడు బంద్ జేసిన.

ఇగ గిన్నె నా పక్కకే వచ్చింది.
దీవెనమ్మ చేతులల్ల ఉన్నది.
నడుము వంగి వంగి
ఇప్పుడామె నేలతోని ముచ్చట వెట్టినట్టు నడుస్తది.
తాగి, రెండు చేతులతోని నాకిచ్చింది.
అంచు మీద ఆమె పెదవి తడి.

నా చెయ్యి, నా చెయ్యే,
కొంగుతోని ఆ అంచు తుడ్వబోయింది.

ఆరేండ్ల గ్లౌజుల అలవాటు అనుకుంటి.
అలవాటో, ఆచారమో.
నా లోపల గూడ
ఒక గ్లాసు చూరుల చెక్కి ఉన్నది.

ఆమె చూసింది.
చూసి నవ్వింది, చెయ్యడ్డం వెట్టకుంట,
గార పళ్ళన్ని కనవడంగ.

కొంగిడిసిన.
తడి ఉన్న కాడనే పెదవి ఆనిచ్చి తాగిన.
ద్రాక్ష రసం. అడుగున జరంత మా నీళ్ళ రుచి.

మొన్ననే బాప్తిస్మం తీసుకున్న పిల్ల
వెనక నుంచి చేతులు చాపింది.
ఇచ్చిన.
తుడ్వలే.