లూప్ లైను

హన్మకొండ చౌరస్తాల రెండొందలకు బేరమాడి
పసుపుపచ్చ బాతు కుర్చీ తెచ్చిన.
ముందుగాల మోక్షిత దాన్ని టోపీ లెక్క నెత్తిన పెట్టుకుంది.
తెల్లారి అండ్ల ఉల్లిగడ్డలు పోసి
అత్తకు కిలో ఇరవైకి అమ్మింది.
మూడోనాడు దాని మీదెక్కి
కూ అనుకుంట ఇల్లంత తిరిగింది.
దిగి, పక్కకు జరిగి,
బుద్ధిగ గచ్చు మీద పోసింది.

"రెండేండ్లు దాటినయ్,
ఒక్కటేస్తే అదే నేర్సుకుంటది" అన్నడు నరహరి.
చెయ్యి లేవలేదు, గొంతు లేచింది.
పిల్ల వచ్చి నా డ్యూటీ ప్యాంటును కరుసుకుంది.
కాసేపటికి ప్యాంటు వెచ్చగైంది.

అత్త నవ్వింది.
"మేం కుర్చీలెరుగుదుమా?
కాళ్లు సాపి, పాదాల మీద కూసోబెట్టి
శూ... అనేటోళ్లం.
అనంగ అనంగ నాకే వచ్చేది గని
నీ మొగనికి రాకపోయేది.
నాలుగేండ్ల దాక పక్క తడిపిండు, అడుగు."
నరహరి టీవీ సౌండు పెంచిండు.

నేనేమంట?
నేను నేర్సిన విద్య వేరే.
కాజీపేటల ఇంజనెక్కేముందు ఒకసారి పోయి రావాలె.
తర్వాత పెద్దపల్లో, రామగుండమో,
సిగ్నల్ ఎక్కడ కనికరిస్తే అక్కడ.
ఆరువేల గుర్రాల బలముంటది ఇంజన్ల.
ఒక్క మూల ఉండదు.
సీసా నిండ నీళ్లు తీసుకపోత,
మూతి తడుపుకుంట, అంతే.
ఓదెల లూప్‌ల బండి రెండు గంటలు నిలవడితే
సారు దిగి, నాలుగడుగులేసి
తుమ్మ చెట్టు దిక్కు తిరుగుతడు.
నేను వ్యాగన్లు లెక్కపెడ్త.
యాభై ఎనిమిది.
మళ్ల మొదటి నుంచి.

ఆపుకునుడు నాకొచ్చు.
ఇడిసిపెట్టుడు ఎట్ల నేర్పాలె?

బాతు ముంగట పీటేసుకోని కూసుంట.
"ఒంటికొస్తుందా బిడ్డా?"
"లేదు."
"జరసేపు సూద్దామా?"
"సూద్దాం."
ఇద్దరం సూస్తం.
గోడ మీద బల్లి కూడ సూస్తది.
బాతు చెవుల ఏందో చెప్తది,
కాలి వేళ్లు లెక్కపెడ్తది, ఒకటి, రెండు, ఏడు.
దిగ్గున లేచి "అయిపాయె" అంటది.
సూస్తే ఎండిన బాతు.
"సరే తియ్యి, మళ్లొద్దాం" అంట.
లాగు తొడిగి రెండు నిమిషాలు కాదు,
బియ్యం డబ్బా పక్కన
భద్రకాళి చెరువు మత్తడి దుంకుతది.

తుడుస్త.
ఎన్నోసారో రాసిపెట్టుకోను.
డ్యూటీల రాసేది చాలు.

పేరు పెట్టిన నాడు తట్టలేదు గని
గుడ్డ పిండుకుంట ఇప్పుడు నవ్వుకుంట:
మోక్షం ఊకెనే వస్తదా అని.

రామగుండం రన్నింగ్ రూముల ఒక పొద్దుగాల
ఫోన్ తెరిస్తే అత్త గొంతు:
"పోసిందే! బాతుల పోసింది!
పారబొయ్యనిస్తలేదు,
అమ్మ వచ్చి సూడాలెనట!"
పక్క మంచం మీద నిద్రవోయే గార్డు
ఉలిక్కిపడి లేచిండు.
మా పిల్ల పోసిందని చెప్తే
ఏమర్థమైందో, "మంచిదమ్మా" అని మళ్ల పండుకున్నడు.

సాయంత్రానికి ఇల్లు చేరిన.
మూత పెట్టి దాసింది అత్త, వాసనతో సహా.
వంగి సూసిన, శబాష్ అన్న.
ఆ రాత్రే పక్క తడిసింది.
బొంత మార్చి
ఎండిన దిక్కుకు జరిపి పండుకోబెట్టిన.

మొన్న పన్నెండు గంటల డ్యూటీ దిగి,
బ్యాగు గడపల పడేసి
బూట్లతోనే ఉరికిన.
తలుపేసే తీరిక లేదు.
కూసున్న.
రాలేదు.
అంతసేపు బిగబడితే ఒక్కోసారి గట్లనే,
ఇగ పోవచ్చని చెప్పినా ఒళ్లు నమ్మదు.

గచ్చు మీద బరబర ఈడ్సుకుంట
బాతు వచ్చింది, ఎనుక మోక్షిత.
నా ముంగట ఏసుకోని కూసుంది.
గదువ కింద చెయ్యి.
"వస్తుందా అమ్మా?"
"లేదు బిడ్డా."
"జరసేపు సూద్దాం" అంది,
మూతి ముందుకు సాపి
శూ...