అడుగునీరు

మూడో జెట్టీలో కట్టిన బోటు,
రాత్రంతా పంపు దగ్గుతూనే ఉంది.
తెల్లారకముందే ఎల్లాజీ ఇంజను గదిలోకి దిగి
అడుగునీట్లో వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు.

చప్పగా ఉంటే ఐసు గదిది.
డీజిలు కంపు కొడితే గొట్టాలది.
ఉప్పు.
"సంద్రమేరా" అన్నాడు, చుట్టమెవరో దిగినట్టు.

బక్కెట్లతో తోడాం. గోనెపట్టాతో ఒత్తాం,
చివరికి నా బనీనుతో.
అప్పుడు తీశాడు, పెళ్ళాం పౌడరు డబ్బా!
వెన్నుకర్ర పొడుగునా, షాఫ్టు చుట్టూ,
పక్కటెముకల సందుల్లో చల్లాడు.
నల్లటి పొట్ట నిండా మల్లెల వాసన.

ఇక చూడ్డమే.
ఔటర్ హార్బర్లో ఓడేదో కూసి ఊరుకుంది.
టార్చి వెలుగు పసుపెక్కింది.

పౌడరు మీద సన్నటి గీత,
చీమ నడిచినట్టు.
షాఫ్టు కాదు. చెక్కల అతుకూ కాదు.
చేపల జాడ చూపే మిషను బిగించాలని
నిరుడు నేనే డ్రిల్లు వేసి,
చోటు మార్చి,
మైనం కూరి మరిచిన బెజ్జం.

ఎల్లాజీ తిట్టలేదు.
నా బొటనవేలు పట్టి దానిమీద పెట్టాడు.
"నొక్కి ఉంచు. నాను లప్పం కలిపి తెత్తాను."

నిచ్చెన మీద అడుగులు పైకి పోయాయి.
వేలికింద
లేగదూడ ముట్టెలా
నెడుతోంది బంగాళాఖాతం.