ఏడో దెబ్బ

ఇంతియాజ్ డెక్కు మూత తీసి
పెన్సిలుతోటి టేపు చుట్టేలోపట
డీజిల్ కాలనీ మూడో లైన్ల కరెంటు ఒకసారి పోయొచ్చింది.
క్యాసెట్ మీద పేరు చెరిగిపోయింది.
సికింద్రాబాద్‌ల పాత సామాను బండి మీద కొన్నడట,
విలాయతోళ్ల బ్యాండు, నలుగురట, అండ్ల ఒకడు లేడట.
మేం వాళ్లను పొడుగు పాటలోళ్లు అంటం.

మొదటి వైపు కీర్తన.
నాకెరుకైందే. మట్టల ఆదివారం నాడు
హన్మకొండ గుడిల ఎఫ్రాయిము సారు
నాలుగు దెబ్బలకొక్కపారి తలకాయ ఊపుకుంట
హార్మోనియం మీద వాయిస్తడు.
ఇక్కడ అదే రాగం
ఆర్గన్ లోపట ఇంజను లెక్క గొంతు సవరించుకొని
లోడుతోటి ఎత్తు ఎక్కుతున్నట్టు ఎక్కి,
ఎనిమిదో దెబ్బ పడాల్సిన కాడ పడక
మళ్ల ఒకటి నుంచి అందుకున్నది.
ఇంకో మెట్టు ఉన్నదనుకొని కాలేసినట్టు
నా కడుపుల ఖాళీ.

"బంద్ చెయ్" అన్నడు ఎఫ్రాయిము సారు.
"కీర్తన పదిమంది పాడెటందుకు.
ముసలోళ్లు, గొంతు లేనోళ్లు, ఆలస్యంగ వచ్చినోళ్లు సుత
ఏడికాడ ఎక్కినా ఎక్కాలె. ప్యాసింజరు బండి అది.
వీడు దాన్ని ఒక్క టేషన్ల సుత ఆపుతలేడు."

రాజేశం నవ్విండు.
షెడ్డుల ఖలాసి, ఒగ్గు కథ చెప్పేటోళ్ల ఇంట పుట్టిండు.
"తకిట తకధిమి. లెక్కపెట్టు సారూ, ఏడు.
పట్నం సార్లు దానికేందో పేరు పెట్టుకున్నరు,
మా తాత పేరు లేకుంటనే డోలు మీద కొట్టిండు.
మల్లన్న పెండ్లి రెండు ఊర్లల్ల ఒక్కతీరుగ చెప్తే
మాకు బువ్వెక్కడిది?"

సుగుణాకర్ ఇంజనీరింగ్ కాలేజి పోరడు,
రెండో వైపు తిప్పుమని ఒకటే పోరు.
ఎవరో జర్మనాయన వందమందికి రాసిన సింఫనీని
ముగ్గురే మోస్తరట అండ్ల.
"కీర్తనకేమున్నది, తలుపు తీసే ఉంటది.
దీనికోసం వాళ్లు గోడ దుంకిండ్రు."
ఇంతియాజ్ సోల్డరింగ్ కడ్డీ గాలిల ఆడించి అన్నడు:
"దుంకిండ్రు, మంచిదే. దుంకి ఏం చేసిండ్రు?
ఇల్లంత ట్యూబులైట్లు పెట్టిండ్రు,
ఆయన కావాల్నని చీకటుంచిన అర్రల సుత."

చాయ్ మీద మీగడ కట్టింది.
టికెట్ కౌంటర్ల చిల్లర లెక్కపెట్టుకునేదాన్ని,
నాకేం తెలుస్తదని ఊకున్నరు గని నేనన్న:
"సారూ, దొరసాని నేర్పిన రాగం
మా అమ్మమ్మ ఉన్నదున్నట్టు పాడిందా?
సోమిడి పొలాలల్ల నాటేసుకుంట
నడుముకు ఒదిగినట్టు వంచుకున్నది.
నువ్వు వాయించేది ఆ వంచిందే గదా,
అసలుది ఎవలన్న విన్నరా?"

సారు అద్దాలు తీసి తుడిచిండు.
చానాసేపు తుడిచిండు.
"నీ అమ్మమ్మ మొయ్యలేక వంచింది బిడ్డా.
వీడు మొయ్యగల్గుత చూడుమని వంచిండు."

జవాబు నా దగ్గర లేకుండె. ఇప్పటికీ లేదు.
రాజేశం దగ్గర ఉన్నదట గని
గూడ్సు బండి వచ్చి యాభై ఎనిమిది డబ్బాలు పొయ్యేదాక
ఎవల మాట ఎవలకూ ఇనరాలె,
అటెన్క వాడు మర్చిపోయిండు.

ఆదివారం గుడికి రాజేశం వచ్చిండు,
చెప్పులిడిసే కాడ్నే నిలబడ్డడు, లోపటికి రాలే.
సారు సక్కగనే వాయించిండు, నాలుగుకు నాలుగు.
మూడో చరణంల రాహేలమ్మ, దమ్ము మనిషి,
మాట నడుమ ఊపిరికి ఆగింది.
గుడంత ఆగింది.
సారు చెయ్యి బెల్లోసు మీద, సగం తెరిచినకాడ.
ఆమె మళ్ల అందుకున్నంకనే అందరం.

బయట చెప్పులల్ల చెప్పులు ఎతుక్కుంట చూస్తే
రాజేశం ఏడు వేళ్లు చూపిస్తున్నడు.
"తొమ్మిది" అన్నడు సారు,
కోపంగనే అన్నడు,
ఇద్దరూ సైకిళ్లు నడిపించుకుంట
గేటు దాక లెక్కపెట్టుకుంటనే పోయిండ్రు.